మా పిల్లి మరిది నడక

మా అత్తమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నా మొగుడు, రామన్నపేట బడిలో లెక్కలు చెప్పే పంతులు. చిన్నవాడు పిల్లి.

నవ్వకండి. అరవయ్యో దశకం మొదట్లో జడ్చర్ల నుంచి నేను కాపురానికి వచ్చాను. వచ్చిన మర్నాడే ఆమె నన్ను వంటింట్లోకి పిలిచి, పొయ్యి పక్కన పడుకున్న ఒక బూడిదరంగు మూటను చూపించింది.

"గీయన నీ మరిది. పొద్దుగాల పాలు, పగటీలి పెరుగన్నం, పొద్దూకినంక మల్ల పాలు. మరిచిపోయేవు, జర యాది పెట్టుకో" అంది.

మూట కళ్లు తెరిచి నన్ను కింది నుంచి పైదాకా చూసి, ఇదేనా దొరికింది అన్నట్టు మళ్లీ మూసుకుంది. పెళ్లిచూపుల్లో నా మొగుడు కూడా నన్ను అంత తీరిగ్గా చూడలేదు.

మా ఇంట్లో నాలుగు బర్రెలుండేవి. రోజూ చల్ల చిలికేవాళ్లం, వారానికోసారి వెన్న కాచేవాళ్లం. కవ్వం నాకేది మరిదే, నెయ్యి కాచిన గిన్నె అడుగు నాకేదీ మరిదే. ఇది చాలనట్టు వాడలో ఇంకో నాలుగిళ్లవాళ్లు "పంతులింటి చిన్నోడు వచ్చిండు" అని గౌరవంగా పాలు పోసేవాళ్లు. నడిస్తే పొట్ట బండలను ఊడ్చేది. ఎలుకలు ఆయన ముందు నుంచే వడ్లు మోసుకుపోతుంటే చూస్తూ పడుకునేవాడు. మా వడ్ల అర్రకు ఇనుప చువ్వల కిటికీ ఒకటి ఉండేది. ఆ చువ్వల సందులోంచి దూరి ఎలుకలను పడతాడనే చిన్నప్పుడు ఆయన్ని తెచ్చి పెంచారట. నేను వచ్చిన కొత్తలో ఒకరోజు ఏం బుద్ధి పుట్టిందో దూరబోయి నడుము దగ్గర ఇరుక్కుపోయాడు. తల అర్రలో, తోక వసారాలో. చువ్వలకు ఆముదం రాసి, మా ఆయన లోపలి నుంచి తోస్తుంటే నేను బయటి నుంచి లాగాను. బయటపడ్డాక నా మొహం కూడా చూడకుండా నేరుగా పాలగిన్నె దగ్గరికి పోయాడు.

అత్తమ్మ సంగతి కూడా చెప్పకపోతే మీకేమీ అర్థం కాదు. ఆమెకు చక్కెర బీమారి ఉండేది. ఆ రోజుల్లో దాన్ని డాక్టర్లకన్నా ముందు చీమలే కనిపెట్టేవి. నీళ్లు పోసుకునే మూలలో ఆమె కూర్చుని లేచిన చోట చీమలు బారులు కట్టాయట, అట్లా తెలిసింది. కట్టంగూర్‌లో ఉండే ఆమె అన్నకు కూడా అదే బీమారి. కాలి మీద చిన్న పుండు లేచి మానక, మోకాలి దాకా తీసేశారు. ఏడాది తిరక్కుండా ఆయన పోయాడు. అప్పటి నుంచి అత్తమ్మకు చావంటే భయం లేదు గానీ కాలు పోతుందంటే మాత్రం ఒళ్లంతా వణుకే.

"నేను పోయిన్నాడు నా రెండు కాళ్లు నాతోనే రావాలె" అనేది.

మరి అంత భయమున్న మనిషి డాక్టరు చెప్పినట్టు వినాలా వద్దా? అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమంటే తినేది. బెల్లం మానమంటే మానినట్టు కనబడేది. పొద్దున్నే రెండు మైళ్లు నడవమంటే మాత్రం ససేమిరా అనేది. నా కాపురం రెండో ఏట తుమ్మముల్లు గుచ్చుకుని ఆమె ఎడమకాలి బొటనవేలు పుండు పడింది. మానడానికి మూడు నెలలు పట్టింది. సర్కారు దవాఖాన డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఈసారి బతికిపోయింది. చక్కెర గిట్లనే ఉండి ఇంకోసారి పుండు లేస్తే వేలుతో ఆగదు" అన్నాడు. ఇంటికొచ్చి ఆమె కాళ్లావేళ్లా పడ్డాను.

"నడువు అత్తమ్మా, నీ కాలు మొక్కుత."

"యాడికని నడువాలె?" అంది ఆమె.

అదీ అసలు చిక్కు. మా వాడలో ఆడమనిషి గడప దాటితే అరుగుల మీంచి ముందుగా వచ్చే మాట "యాడికి?" దానికి జవాబుండాలి. పిండి గిర్నికి, బావికి, చేనుకు, బిడ్డ ఇంటికి, ఏదో ఒకటి. పని లేకుండా, ఊరికే, ఒంటికి మంచిదని నడిచే ఆడమనిషిని రామన్నపేట అప్పటికి చూడలేదు.

"యాడికంటే ఏం చెప్పాలె? నా పాణం కోసం తిరుగుతున్న అని చెప్పాల్నా? ముసల్దానికి బతుకు మీద ఆశ సావలేదనరా? సిగ్గు గాదు?"

ఆమెకు అప్పుడు యాభై ఏళ్లు కూడా లేవు. "చెంబు పట్టుకుని పో, ఎవరూ అడగరు" అన్నాను.

"రోజూ రెండు మైళ్లు చెంబుకు పోతరా? కడుపు చెడ్డదని ఊరంత మందులు చెప్తది."

నాకు ఒళ్లు మండింది. కోపమొస్తే నేను గిన్నెలు గట్టిగా తోముతాను. ఆ నెలంతా మా ఇంట్లో గిన్నెలు అద్దాల్లా మెరిశాయి, ఆమె మాత్రం గడప దాటలేదు.

ఇంతలో మరిదికి ఏదో అయింది. ఎంత తిన్నా ఆకలి తీరదు. గిన్నెలో నీళ్లు చాలక బర్ల కుడితి గోలెంలో తల పెట్టి తాగేవాడు. నడిస్తే వెనక కాళ్లు సరిగా లేవక మడమల మీద ఈడ్చేవాడు. ఒక పొద్దున అత్తమ్మ నీళ్ల మూలలోంచి పెట్టిన కేకకు నేను పిండి చేతులతోనే పరుగెత్తాను. మరిది తడిపిపోయిన బండ మీద నల్లగా చీమలు.

"నీ మరిదికి నా బీమారే వచ్చింది పిల్లా!" అని ఆమె బండ పక్కనే కూలబడి ఏడ్చింది.

పిల్లికి చక్కెర ఏమిటని నేను నవ్వబోయాను. ఆమె మొహం చూసి ఊరుకున్నాను. నిజమో కాదో తేల్చుకోవాలంటే దవాఖానలో పరీక్ష ఉంది. నెలనెలా అత్తమ్మ ఉచ్చ సీసాలో పట్టి, కొంగు కింద దాచి, పరీక్షకు తీసుకెళ్లేది నేనే. మరిదిది పట్టడం ఎట్లా? ఆయన్ని నీళ్ల మూలలో పెట్టి తలుపు మూసి, పొడి బండ మీద కాపలా కూర్చున్నాను. నన్ను చూసి ఆయన ఓ గంటసేపు బిగబట్టాడు. చివరికి కరుణించాడు. మా ఆయన కలంలో సిరా పోసుకునే ఫిల్లరుతో బండ మీంచి పీల్చి తలనూనె సీసాలో నింపాను. ఆ ఫిల్లరు ఎక్కడ అని మా ఆయన వారం రోజులు వెతుక్కున్నాడు. నేను కొత్తది కొనిపెట్టాను గానీ కారణం ఈనాటికీ చెప్పలేదు.

దవాఖానలో కాంపౌండరు తెల్లమీసాల పెద్దాయన. గాజుగొట్టంలో నీలంమందు పోసి, కొన్ని చుక్కలు కలిపి, దీపం మీద కాచేవాడు. నీలంగా ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం, పసుపుకైతే ఇంకొంచెం. ఇటుక రంగు వస్తే మాత్రం దేవుడికి దండం పెట్టుకోవాల్సిందే.

"మీ అత్తది గదే ఇటుక. ఏం ఫాయిదా లేదు. మరి గిదెవరిది, గిది గూడ ఇటుకే?" అన్నాడు.

"మా మరిదిది" అన్నాను. ఇంట్లో పడ్డ అలవాటు, నోటికి అదే వచ్చింది.

"ఎన్నేండ్లు?"

"ఏడు."

"ఏడేండ్ల పోరనికా! అరె, గింత చిన్న వయసుల... ఇయ్యాల్నే పట్నం తోల్కపోవాలె తల్లీ! బడికి పోతున్నడా? సోయిలో ఉన్నడా?"

ఆయన కళ్లలో నీళ్లు చూశాక ఇక దాచలేకపోయాను. "మా మరిది పిల్లి సారూ" అన్నాను.

ఆయన గొట్టం కింద పెట్టాడు. తిట్టబోయాడు, సర్కారు మందు పిల్లి ఉచ్చకు వాడించినందుకు. కానీ మళ్లీ ఆ రంగు చూశాడు, దీపం దగ్గర పెట్టి ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. ఎన్నేళ్ల నౌకరీలోనూ ఇట్లాంటిది చూడలేదన్నాడు. మందేమన్నా ఇస్తారా అంటే, "మందు లేదు గిందు లేదు. మనిషికైన పిల్లికైన ఒక్కటే. పాలు బంద్, అన్నం బంద్. ఇంత మాంసం ముక్క పెట్టు, ఒంట్లె కొవ్వు కరిగెదాక నడిపియ్యి. మీ అత్తనైతే నడిపియ్యలేకపోయినవు, గీయననన్న నడిపియ్యి" అన్నాడు.

ఇంటికొచ్చి అదే చెప్పాను. "నడువకుంటే ఏమైతదట?" అని అడిగింది అత్తమ్మ. కాంపౌండరు ఆ సంగతేమీ చెప్పలేదు. నేనే అన్నాను, "కాళ్లు పోతయట."

ఆమె మరిది వెనక కాళ్లను చేతుల్లోకి తీసుకుని చాలాసేపు నిమిరింది. మర్నాడు తెల్లవారేసరికి కొంగు నడుముకు చుట్టుకుని వాకిట్లో తయారుగా ఉంది.

పిల్లిని నడిపించిన వాళ్లు మీలో ఎవరైనా ఉంటే నాకు దండం పెడతారు. మొదటిరోజు దూడపలుపు మెడకు వేశాం. ఆయన వాకిట్లోనే వెల్లకిలా పడుకున్నాడు. లాగితే అట్లాగే జారుతూ వచ్చాడు, వడ్లబస్తాను లాగినట్టు. రెండోరోజు నేను వెనక నుంచి తోశాను, చెయ్యంతా గీరాడు. మూడోరోజు అత్తమ్మకే ఉపాయం తట్టింది. దారానికి ఎండుచేప తల కట్టి, దాన్ని నేల మీద లాగుతూ ముందు నడిచింది. మరిది ముక్కు కదిలింది. చెవులు కదిలాయి. ఎన్నాళ్లకో పొట్ట లేచింది. చేప రెండడుగులు పోతే ఆయన రెండడుగులు పోయాడు.

ఇక మా ఊరేగింపు మొదలు. ముందు చేపను లాగుతూ అత్తమ్మ, వెనక మూలుగుతూ మరిది, ఆ వెనక కుక్కలను తరమడానికి కర్ర పట్టుకుని నేను. ఎదురింటామె అరుగు మీద పళ్లు తోముకుంటూ మమ్మల్ని చూసి నోట్లో వేపపుల్ల అట్లాగే ఉంచేసింది.

"యాడికక్కా?" అంది ఎట్టకేలకు.

అత్తమ్మ ఆగింది. ఇంటికి తిరిగిపోతుందనే అనుకున్నాను.

"చిన్నోనికి బీమారొచ్చింది చెల్లె. నడిపియ్యమన్నడు డాక్టరు. నాకేం సరదనా?" అంది అత్తమ్మ, తల ఎత్తుకుని.

జవాబు దొరికింది! మొదటి వారం నాలుగిళ్ల దాకా, తర్వాత గిర్ని దాకా, నెల తిరిగేసరికి బస్సు ఆగే వేపచెట్టు దాకా పోయాం. బస్సు దిగినవాళ్లు మమ్మల్ని చూసి ఊళ్లో ఏదో జాతర అనుకునేవాళ్లు. పిల్లి ఆగితే అత్తమ్మ ఆగేది, చేప కదిలితే ముగ్గురం కదిలేవాళ్లం. ఆమెకు తెలియకుండానే ఆమె నడుస్తోంది. నేను మాత్రం నోరెత్తలేదు. నువ్వు కూడా నడుస్తున్నావు అత్తమ్మా అన్నానంటే అంతటితో ఆఖరు.

నెల తర్వాత రెండు సీసాలు పట్టుకుని గర్వంగా దవాఖానకు పోయాను. రెండూ ఇటుకే. నాకు తల తిరిగిపోయింది. మూడు రోజులు కనిపెట్టి చూస్తే నాలుగోరోజు పగటిపూట బర్లకొట్టం వెనక దొరికారు, దొంగలిద్దరూ. అత్తమ్మ చేతిలో బెల్లంగడ్డ, మరిది మూతికి వెన్న. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఎంత కులాసాగా ఉన్నారో!

"ఛీ, సిగ్గుండాలె! పొద్దంత నడిచి గిదా మీరు చేసేది?" అని నేను పెట్టిన కేకకు బర్రెలు కూడా లేచి నిలబడ్డాయి. కోడలిని, అట్లా అనకూడదు. అనేశాను.

అత్తమ్మ బెల్లం వెనక్కి దాచుకుని, "వాడు అడిగితె పాణం ఒప్పలేదే" అంది.

"పెట్టు పెట్టు. ఆ కాళ్లు పోయినంక సంకల ఎత్తుకుని తిరుగు" అన్నాను. అది పిల్లిని అన్నానో ఆమెను అన్నానో నాకే తెలియదు. ఆమె బెల్లంగడ్డ తెచ్చి నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. నేను అక్కడే పేడతట్ట మీద కూర్చుని కరువుతీరా ఏడ్చాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో బెల్లం నా పెట్టెలోకి పోయి తాళం పడింది. వాడలో నాలుగిళ్లకూ పోయి చిన్నోడికి పాలు పోస్తే బాగుండదని చెప్పి వచ్చాను. మంచిగా చెప్పానో గట్టిగా చెప్పానో అడగకండి. రెండో నెల గొట్టాలు పసుపుకు తిరిగాయి. నాలుగో నెల మరిదిది ఆకుపచ్చ. ఆరో నెల మరిదిది నీలం, అత్తమ్మది నీలంలో ఇంత ఆకుపచ్చ. కాంపౌండరు ఆనందం పట్టలేక పక్క గదిలో డాక్టరును కూడా పిలిచి చూపించాడు. అందులో ఒక గొట్టం పిల్లిదని మాత్రం చెప్పలేదు.

మరిది నడుము తేలింది. వెనక కాళ్లు లేచాయి. ఒక పగటిపూట నేను వసారాలో బియ్యం ఏరుతుంటే ఆయన అర్ర కిటికీ చువ్వల్లోంచి ఎక్కడా తగలకుండా దూరి లోపలికి పోయి ఎలుకను కరచుకుని వచ్చాడు. అత్తమ్మ ఆయనకు దిష్టి తీసింది.

ఆ సంతోషం నాకు నాలుగు రోజులే. సన్నబడ్డ పిల్లికి ఎండుచేప తల ఎందుకు? గోడలెక్కి, పెంకులెక్కి తనకు కావలసింది తనే పట్టుకుంటున్నాడు. పొద్దున అత్తమ్మ దారం లాగితే ఆయన కప్పు మీంచి చూసి ఆవులించాడు. మర్నాడూ అంతే. మూడోనాడు ఆమె దారం చుట్టి గూట్లో పెట్టేసింది.

"నీ మరిదికి నయమైంది. ఇగ నాకేం పని?" అంది.

వారం గడిచింది. ఆమె గడప దాటలేదు. నాకు డాక్టరు మాటే చెవుల్లో మోగేది, వేలుతో ఆగదు, వేలుతో ఆగదు అని. ఎనిమిదోనాటి పొద్దున నేను మరిదిని పట్టి వడ్ల అర్రలో వేసి, తలుపు పెట్టి, కిటికీకి గోనెపట్టా అడ్డం కట్టాను. వాకిట్లోకి వచ్చి, "అత్తమ్మా, మరిది కనపడ్తలేడు. రాత్రి నుంచి లేడు" అన్నాను.

అర్రలోంచి "మ్యావ్" అని గట్టిగా వినబడింది. అత్తమ్మ ఆ తలుపు వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత కొంగు నడుముకు చుట్టుకుని, గూట్లోంచి దారం తీసుకుని బయటికి నడిచింది.

"యాడికక్కా?" అంది ఎదురింటామె.

"మావోడు కనపడ్తలేడు చెల్లె. ఎతుకపోతున్న."

అంతే, ఆ రోజు నుంచి రోజూ అదే పని. కొన్నాళ్లకు మరిదిని అర్రలో వేయడం కూడా మానేశాను. ఒకరోజు నా కళ్లతో చూశాను. ఎదురింటి గోడ మీద మరిది కూర్చుని మూతి కడుక్కుంటున్నాడు. ఆ గోడ కిందనే నిలబడి అత్తమ్మ, "మావోన్ని చూసినవా చెల్లె?" అని అడుగుతోంది. ఎదురింటామె తల కూడా ఎత్తకుండా, "అగ్గో, గిర్ని దాటి పోయిండక్కా" అంది. గిర్ని దగ్గర అడిగితే వేపచెట్టు అనేవాళ్లు. వేపచెట్టు దగ్గర అడిగితే ఈతచెట్ల దిక్కు పోయాడనేవాళ్లు. వాడంతా ఒక్కమాట మీద ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ నవ్వలేదు. రామన్నపేటవాళ్ల మీద నాకు ఎన్ని కోపాలున్నా ఈ ఒక్కదానికి అన్నీ మాఫీ చేశాను.

ఆ మరుసటేడు ఆమె కాలికి గాజుపెంకు దిగింది. అదే వేలు. కట్టు కట్టాను. రోజుకు రెండుసార్లు విప్పి చూసేదాన్ని. పదో రోజుకు ఎండి పొక్కు రాలిపోయింది. మాడిన వెన్న గిన్నె తోమినంత గట్టిగా ఆమె కాళ్లు పట్టుకున్నాను, "వదులే పిల్లా, నొప్పి లేస్తున్నది" అనేదాకా.

మరిది ఇంకో నాలుగేళ్లు బతికాడు. ఒక వానాకాలం రెండురోజులు తిండి మానేసి, పొయ్యి పక్కన తన జాగాలోనే పోయాడు. బర్లకొట్టం వెనక, బెల్లం దొంగతనం జరిగిన చోటే పాతిపెట్టాం. గుంత తవ్వింది మా ఆయన, గునపం తెచ్చి ఇచ్చింది ఎదురింటామె. అత్తమ్మ కన్నకొడుకుకు ఏడ్చినట్టే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నన్ను ఏనాడూ లెక్కచేయని ఆ మరిది కోసం.

మర్నాడు ఆమె మంచం దిగలేదు. రెండోనాడూ లేదు. మూడోనాడు పొద్దున నాకు దుఃఖమూ కోపమూ కలిసి పొంగుకొచ్చాయి. గూట్లోంచి దారం తీసి ఆమె ఒళ్లో విసిరేశాను.

"మరిది కనపడ్తలేడు అత్తమ్మా. పోయి ఎతుకు" అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. చెంపదెబ్బ కొడుతుందేమో అనుకున్నాను. కొంగుతో కళ్లు తుడుచుకుని, దారం వేలికి చుట్టుకుని లేచింది. నేను గడప దగ్గరే నిలబడిపోయాను. ఎదురింటి అరుగు ముందు ఆమె ఆగింది.

"యాడికక్కా?"

"మావోడు కనపడ్తలేడు చెల్లె" అంది అత్తమ్మ.

గునపం తెచ్చిచ్చిన ఆ మనిషి ఒక్క క్షణం నావైపు చూసింది. "అగ్గో, ఈతచెట్లు గూడ దాటి పోయిండక్కా. జర దూరమే నడువాలె" అంది.

అత్తమ్మ ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఆయన్ని వెతికింది. ఆమె పోయిన్నాడు కాళ్లు కడిగింది నేనే. పది వేళ్లూ ఉన్నాయి.